‘చేబదులు’ అనే మాట లక్ష డాలర్లను మోయగలదా?

నిన్న ఈ చర్చలో ఒక అనువాదకురాలు అడిగిన ప్రశ్న చూడడానికి చిన్నదే గాని, నన్ను రాత్రంతా వదలలేదు. 1924 జనవరిలో అమెరికా సెనేట్ విచారణ సంఘం ముందు చమురు వ్యాపారి ఎడ్వర్డ్ డొహీనీ ఇచ్చిన వాంగ్మూలాన్ని ఆమె తెలుగు చేస్తున్నారు. పాత మిత్రుడైన ఒక మంత్రికి లక్ష డాలర్లు అప్పుగా ఇచ్చానని ఆయన చెప్పిన చోట ‘చేబదులు’ అని రాయవచ్చునా అన్నది ప్రశ్న. కొందరు మిత్రులు రాయవచ్చునన్నారు. ఒకరు మాత్రం, ఎలాగూ ఆ మంత్రికి శిక్ష పడింది కదా, నేరుగా ‘లంచం’ అనే రాసేయండి అన్నారు. ఈ రెండు సలహాలతోనూ నాకు పేచీ ఉంది. ఆ కేసు ఏడేళ్లపాటు కోర్టుల్లో నలిగింది సరిగ్గా ఈ మాట మీదే కనుక, కాస్త వివరంగా రాయడానికి అనుమతించండి.

ముందుగా సందర్భం. వారెన్ హార్డింగ్ 1921 మార్చిలో అధ్యక్షుడైనప్పుడు న్యూ మెక్సికో సెనేటర్ ఆల్బర్ట్ ఫాల్‌ను తన మంత్రివర్గంలోకి తీసుకుని, ప్రభుత్వ భూములను, గనులను చూసే ‘ఇంటీరియర్’ శాఖను అప్పగించాడు. (దీనిని ‘హోం శాఖ’ అని తెలుగు చేయడం తప్పు. మనకు హోం శాఖ అంటే పోలీసులు, శాంతిభద్రతలు.) యుద్ధనౌకల అవసరానికని నౌకాదళం పేర ప్రత్యేకించి ఉంచిన చమురు భూములు అదే ఏడాది అధ్యక్షుడి ఉత్తర్వుతో ఫాల్ చేతికి వచ్చాయి. 1922లో ఆయన వయోమింగ్‌లోని టీపాట్ డోమ్‌ను హ్యారీ సింక్లెయిర్ కంపెనీకి, కాలిఫోర్నియాలోని ఎల్క్ హిల్స్‌ను డొహీనీ కంపెనీకి బహిరంగ వేలం లేకుండా కౌలుకిచ్చాడు. అనువాదకురాలు టీపాట్ డోమ్‌ను ‘తేనీటి కూజా గుమ్మటం’ అన్నారు. దయచేసి అలా చేయవద్దు. టీపాట్ అనేది దగ్గరలో ఉన్న ఒక బండ ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు, డోమ్ అంటే చమురును కింద పట్టి ఉంచేలా పైకి ఉబ్బిన రాతి పొర. ఊరి పేరులాగా ఉన్నదున్నట్టు ఉంచడమే మేలు.

ఇక అసలు మాట. ‘చేబదులు’కు నిఘంటువులో అర్థం తేలికగానే దొరుకుతుంది గాని, దాని కట్టుబాట్లు నిఘంటువులో ఉండవు, ఇళ్లలో ఉంటాయి. చేబదులు పరిచయం ఉన్నవాళ్ల మధ్యే నడుస్తుంది. దానికి కాగితం ఉండదు, వడ్డీ ఉండదు, సాక్షి ఉండడు. గడువు కూడా ‘సాయంత్రం ఇస్తాను’, ‘జీతం రాగానే ఇస్తాను’ అన్నంత దగ్గరలో ఉంటుంది. మా నాయనమ్మ పక్కింటి నుంచి గ్లాసెడు పంచదార చేబదులు తెస్తే, తిరిగి ఇచ్చేటప్పుడు గ్లాసు తలగట్టి ఇచ్చేది. ఆ తలగట్టిన కాస్త పంచదారే వడ్డీ అనుకుంటే అనుకోవచ్చు, కాని ఆ మాట ఎవరూ పైకి అనేవారు కారు. మొత్తం చిన్నది కావడం, ఇచ్చేవాడికి అది లోటు కాకపోవడం ఈ మాటకు ప్రాణం. ఎవరైనా ‘పది లక్షలు చేబదులు తీసుకున్నాను’ అంటే విన్నవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు, ఎందుకంటే ఆ మాట అంత బరువు మోయడానికి పుట్టింది కాదు.

ఇప్పుడు డొహీనీ చెప్పినది చూడండి. 1921 నవంబరు 30న ఆయన కొడుకు లక్ష డాలర్ల నోట్లను ఒక చిన్న నల్ల సంచిలో పెట్టుకుని వాషింగ్టన్‌లో ఫాల్ బస చేసిన హోటలుకు తీసుకువెళ్లి అందజేశాడు. వడ్డీ మాట లేదు. ఎందుకిచ్చారని అడిగితే, తామిద్దరూ న్యూ మెక్సికోలో గనులు వెతుక్కుంటూ తిరిగిన రోజుల నుంచి స్నేహితులమని, ఫాల్ తన పశువుల క్షేత్రం పక్కనున్న భూమి కొనుక్కోవాలని ఆశపడ్డాడని, మామూలు మనిషికి పాతికో యాభయ్యో డాలర్లు ఎంతో తనకు ఆ లక్ష అంతేనని సమాధానమిచ్చాడు. పాత స్నేహం, వడ్డీ లేకపోవడం, చేతి నుంచి చేతికి అందడం, ఇచ్చేవాడికి లెక్కలోది కాకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. అంటే డొహీనీ తన మాటల్లో చేసిన పనల్లా ఆ లక్షను చేబదులు స్థాయికి దించడమే. ఆయనకు తెలుగు తెలిసి ఉంటే నిస్సందేహంగా ఆ మాటే వాడేవాడు.

నా అభ్యంతరం ఖచ్చితంగా ఇక్కడే మొదలవుతుంది. చేబదులు ఇచ్చేవాడి వైపు నుంచి మాత్రమే చిన్నదైతే సరిపోదు, తీసుకునేవాడి వైపు నుంచి కూడా చిన్నది కావాలి. సంఘంలో ప్రశ్నలు వేసిన మోంటానా సెనేటర్ థామస్ వాల్ష్ కూడా దీన్నే పట్టుకున్నాడు. మీ వైపు నుంచి అది చిన్నదే కావచ్చు గాని ఫాల్ వైపు నుంచి చూస్తే పెద్ద అప్పే కదా అన్న భావంతో ఆయన నిలదీశాడు. మంత్రిగా ఫాల్ జీతం ఏడాదికి 12,000 డాలర్లు. లక్ష అంటే ఎనిమిదేళ్ల జీతం దాటిన మాట. పైగా ఇచ్చినవాడు ఆ మంత్రి సంతకంతోనే ఎల్క్ హిల్స్ నుంచి తనకు పది కోట్ల డాలర్ల లాభం రావచ్చునని అదే సంఘం ముందు ఒప్పుకున్నాడు. అనువాదకురాలు తన కథనంలో ‘చేబదులు’ అని రాస్తే, డొహీనీ వాదనను తెలుగు పాఠకుడి చేత తెలియకుండానే ఒప్పించినట్టవుతుంది.

మరో చిన్న వస్తువు నాకు ఇంకా ముఖ్యం. ఫాల్ ఆ డబ్బుకు ప్రోనోటు రాసిచ్చాడని డొహీనీ చెప్పాడు, తర్వాత ఆ కాగితాన్ని చూపించాడు కూడా. కాని దాని మీద సంతకం ఉన్న భాగం చింపి ఉంది. తాను చనిపోతే వారసులో కంపెనీవాళ్లో ఆ నోటు పట్టుకుని స్నేహితుడిని ఒత్తిడి చేయకూడదని అలా చింపినట్టు ఆయన వివరించాడు. మన పల్లెల్లో ప్రోనోటు ఎరిగినవారికి చిరిగిన సంతకం అంటే ఒక్కటే అర్థం. మా నాన్నగారి ట్రంకు పెట్టెలో అలాంటి కాగితాలు కట్టగా ఉండేవి. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా పడిన సంతకాన్ని బాకీ తీరిన రోజున అందరి ఎదుట చింపి, వెనుక చెల్లు రాసి ఇచ్చేవారు. అంటే చిరిగిన సంతకం తీరిన బాకీకి గుర్తు. ఇక్కడేమో బాకీ పైసా తీరకుండానే సంతకం చిరిగింది. చేబదులుకు నోటే ఉండదు, అప్పుకు సంతకం లేని నోటు ఉండదు. ఆ కాగితం ఈ రెండు మాటల్లో దేనికీ లొంగదు.

కనుక నా సూచన ఇది. డొహీనీ నోట, ఫాల్ నోట వచ్చిన చోట ‘అప్పు’ అని రాయండి. అది విశాలమైన మాట, నిజమైన అప్పుకూ పేరుకు మాత్రమే అప్పు అయినదానికీ చోటిస్తుంది. ‘చేబదులు’ను వాడకండి. ‘లంచం’ అన్న మాటను తీర్పు వచ్చే దాకా దాచి ఉంచండి. ఫాల్ మొదట ఆ డబ్బు వాషింగ్టన్ పత్రికాధిపతి ఎడ్వర్డ్ మెక్‌లీన్ ఇచ్చాడని సంఘానికి రాశాడు. వాల్ష్ స్వయంగా ఫ్లోరిడా వెళ్లి అడిగితే, తానిచ్చిన చెక్కులు మార్చకుండానే తిరిగి వచ్చాయని మెక్‌లీన్ చెప్పేశాడు. అంటే అబద్ధంలో కూడా ఫాల్ ‘అప్పు’ను వదలలేదు, అప్పిచ్చినవాడి పేరు మాత్రమే మార్చాడు. మీ అనువాదంలో ఆ మాట మొదటి నుంచి చివరి దాకా ఒకే రూపంలో ఉంటేనే పాఠకుడికి ఈ సంగతి తెలుస్తుంది.

ఒక సభ్యురాలి వ్యాఖ్య

నమస్కారం అండీ. నేను జిల్లా కోర్టులో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. చేబదులు గురించి మీరు రాసినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కాని తీర్పు తర్వాత ‘లంచం’ అని రాయమనడంలో ఒక చిక్కు ఉంది. 1929 అక్టోబరులో ఫాల్ లంచం పుచ్చుకున్నాడని జ్యూరీ తేల్చింది. 1930 మార్చిలో అదే లక్ష డాలర్లు లంచంగా ఇచ్చాడన్న ఆరోపణ మీద డొహీనీ నిర్దోషిగా బయటపడ్డాడు. ఒకే సంచి, ఒకే డబ్బు. ఒక తీర్పులో లంచం, మరో తీర్పులో కాదు. అనువాదకురాలు దేన్ని పాటించాలి?

జవాబు

అమ్మా, మంచి ప్రశ్న వేశారు, దీన్ని నేను దాటవేసి ఉండకూడదు. చట్టం వైపు నుంచి సమాధానం ఉంది. ఇచ్చినవాడి ఉద్దేశం వేరు, పుచ్చుకున్నవాడి ఉద్దేశం వేరు, రెంటినీ విడివిడిగా రుజువు చేయాలి. రెండు జ్యూరీలు వేరు, ముందున్న ముద్దాయిలు వేరు. అంతకు ముందు 1926 డిసెంబరులో కుట్ర అభియోగం మీద ఇద్దరూ కలిసి విచారణకు నిలిచినప్పుడు ఇద్దరూ విడుదలయ్యారు కూడా. అయినా 1927లో సుప్రీంకోర్టు రెండు కౌళ్లనూ రద్దు చేసింది. కనుక ఏ ఒక్క తీర్పూ మొత్తం కథ కాదు.

భాష వైపు నుంచి చూస్తే మీ ప్రశ్న నాకు ఇంకొకటి చూపించింది. పుచ్చుకున్నవాడికి మనకు ‘లంచగొండి’ అనే మాట ఉంది. ఇచ్చినవాడికి అంత వాడుకలో ఉన్న మాట ఒక్కటీ లేదు, ‘లంచమిచ్చినవాడు’ అని విడదీసి చెప్పుకోవలసిందే. క్రియలు కూడా అలాగే ఉన్నాయి. లంచం తిన్నాడు, లంచం మేశాడు, లంచానికి మరిగాడు, అన్నీ పుచ్చుకున్నవాడి మీదే. ఇచ్చినవాడికి ‘ఇచ్చాడు’, ‘పెట్టాడు’ అనే సాదా మాటలే దక్కాయి. పని జరగడం కోసం తప్పనిసరై ఇచ్చే నిస్సహాయుడిని తలచుకుని భాష ఇలా స్థిరపడి ఉండవచ్చునని నా ఊహ. డొహీనీ నిస్సహాయుడు కాదు. అందుకే అతని విషయంలో మన భాషలోని ఈ ఖాళీ అతనికి అనుకూలంగా పనిచేస్తుంది, అనువాదకురాలు దాని పట్ల మెలకువగా ఉండాలి. ‘ఫాల్ లంచం పుచ్చుకున్నాడని జ్యూరీ తేల్చింది, డొహీనీ లంచమిచ్చాడని తేల్చలేదు’ అని రెండు వాక్యాలనూ ఒకదాని పక్కన ఒకటి అలాగే ఉంచమంటాను. పొసగనట్టు కనిపించినా సరే, సర్దవద్దు.

ఫాల్‌కు ఏడాది జైలు, లక్ష డాలర్ల జరిమానా పడ్డాయి. సరిగ్గా ఆ సంచిలోని మొత్తమే. పదవిలో ఉండగా చేసిన నేరానికి జైలుకు వెళ్లిన మొదటి అమెరికా మంత్రి అతనే. 1931 జూలైలో న్యూ మెక్సికో రాష్ట్ర కారాగారంలోకి వెళ్లి, మరుసటి ఏడాది మేలో విడుదలయ్యాడు. చేతిలో ఏమీ మిగలక జరిమానా మాత్రం కట్టలేదు.

ఇంకొక్క వాక్యం అనువాదకురాలికి మిగిలి ఉంది, నా ఉద్దేశంలో అన్నిటికన్నా కష్టమైనది అదే. ఫాల్ విడుదలైన కొన్నేళ్లకు, ఏ పశువుల క్షేత్రాన్ని పెంచుకోవడానికి ఆ డబ్బు తీసుకున్నాడో దానిని డొహీనీ కంపెనీ స్వాధీనం చేసుకుని, అతని కుటుంబాన్ని ఖాళీ చేయించింది. చూపిన కారణం తీరని అప్పు, ఆ అప్పు మళ్లీ అదే లక్ష. స్నేహితుడిని ఎవరూ ఒత్తిడి చేయకూడదని సంతకం చింపిన నోటు తాలూకు డబ్బు అది. ఆ చోట మాత్రం నేనైతే ‘అప్పు’ అని కూడా రాయను, ‘బాకీ’ అని రాస్తాను. అప్పులో ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ కనిపిస్తారు. బాకీలో వసూలు చేసేవాడు ఒక్కడే గుమ్మంలో నిలబడి ఉంటాడు.