శౌరి, జేవియర్, ఎచెవెర్రీయా: ఒక సగం వాక్యం గురించి

అరసున్న:
రెండు రోజులుగా ఒక సగం వాక్యం నోట్లో ఆడుతోంది. “శౌరి అన్నా, జేవియర్ అన్నా, ఎచెవెర్రీయా అన్నా ఒకే ఇల్లు...” ఇలా మొదలవుతుంది. మాటలు అటూ ఇటూ అయి ఉండొచ్చు. ఆ తర్వాత ఈ ఇంటిపేరు అమెరికా ఖండాల్లో ఏ దేశంలో ఏ రూపంలో స్థిరపడిందో ఒక వరస ఉండాలి. అదే గుర్తుకు రావడం లేదు. మూడూ స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దు భాష బాస్కులో ‘కొత్తిల్లు’ అన్న మాట నుంచి వచ్చినవే అన్నది నా ప్రశ్న కాదు, అది ఇక్కడ అందరూ ఎరిగిందే. ఆ వరస ఏమిటి? కోస్తారికా వాళ్ల చవర్రీయా అందులో ఉందా, లేదా?

యడాగమం:
చవర్రీయా అందులోదేనండి. ఎచె అంటే ఇల్లు, బెర్రి అంటే కొత్త, చివరి ‘ఆ’ నిర్దేశక ప్రత్యయం. బిస్కాయ వైపు పడమటి మాండలికంలో బెర్రి ‘బర్రి’ అవుతుంది. సమాసంలో ఎచె కాస్తా ‘ఎచ’ అవుతుంది, మన ‘ఇల్లు’ ‘ఇంటి’ అయినట్టు. అలా ఎచబర్రియా, స్పానిషు రాతలో ఎచవర్రీయా. ముందు ‘దె’ చేర్చి ‘దె ఎచవర్రీయా’ అని పలికితే రెండు ఎ-లు ఒకటైపోతాయి. విన్న గుమాస్తా ‘దె చవర్రీయా’ అని రాసుకుంటాడు. ఎ అలా ఊడిందన్నది నా లెక్క.

రాత చూసి ఏ వైపు శాఖో చెప్పాలంటే నాలుగు చోట్ల చూడాలి. ‘సి-హెచ్’కు ముందు ‘టి’ ఉండి చివర ‘వై’ ఉంటే ఫ్రాన్సు వైపు బాస్కు, అంటే ఎచ్చెవెరీ. మధ్యలో ‘వె’ ఉంటే నవార్రా, గిపుస్కోవా వైపు. ‘వ’ ఉంటే బిస్కాయ, ఆలవా వైపు. చివరి ‘ఆ’ లేకపోతే ఎచెవెర్రి. మొదటి ఎ లేకపోతే చవర్రీయా. బి రాశారా, వి రాశారా అన్నది మాత్రం పట్టించుకోనక్కర్లేదు. స్పానిషులో రెండూ ఒకే శబ్దం.

వరస కావాలంటే నాకు తెలిసింది ఇది. చిలీ, అర్జెంటీనా, మెక్సికోల్లో ఎచెవెర్రీయా (1970 నుంచి 1976 దాకా మెక్సికో అధ్యక్షుడు లూయిస్ ఎచెవెర్రీయా). కొలంబియాలో అంతియోకియా ప్రాంతంలో ఎచవర్రీయా, ఎచెవెర్రి రెండూ. 1907లో మెదెయిన్‌లో కోల్తెహేర్ బట్టల మిల్లు పెట్టింది అలెహాంద్రో ఎచవర్రీయా. క్యూబా, ప్యూర్టో రికోల్లో ‘ఎచె’ మార్చకుండా ‘వర్రీయా’ కలిపిన ఎచెవర్రీయా. కోస్తారికా, నికరాగువాల్లో చవర్రీయా. ఉరుగ్వే, అర్జెంటీనా, కాలిఫోర్నియాల్లో ఎచ్చెవెరీ. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎచ్చెవెరీ హాల్ ఉంది కదా, అది ఈ రూపమే.

ద్రుతం:
వరస బాగుంది. అసలు వాక్యంలో తప్పు మాత్రం అలాగే ఉంది. “ఒకే ఇల్లు” కాదు, ఒకే అర్థం. బాస్కు పల్లెల్లో పేరు ముందు ఇంటికి, ఆ తర్వాత అందులో ఉన్నవాళ్లకు. ఇల్లరికం వచ్చిన అల్లుణ్ణి కూడా ఆ ఇంటి పేరుతోనే పిలిచేవారు. ఊరికో ‘కొత్తిల్లు’ ఉంటుంది, కాబట్టి ఎచెవెర్రీయాలందరికీ ఒక్క మూలపురుషుడు ఉండడు. మన ‘ఇంటిపేరు’ అన్న మాట వాళ్లకు అక్షరాలా సరిపోతుంది. గొయ్‌కొఎచెయా అంటే పై ఇల్లు, ఎచెగరాయ్ అంటే మెరక మీది ఇల్లు, ఎలిసొందో అంటే గుడి పక్కది. ఉలిబర్రి అంటే కొత్తూరు.

ఇంకొకటి. ఈ లెక్కను ఫిలిప్పీన్స్ మీద ప్రయోగించకండి. 1849 నవంబరు 21న గవర్నర్ జనరల్ క్లావెరియా ఉత్తర్వు ఇచ్చాక అక్షరక్రమంలో అచ్చువేసిన జాబితా నుంచి ఇంటిపేర్లు పంచారు. ఆల్బాయ్‌లో ఓయాస్ ఊరివాళ్ల ఇంటిపేర్లు ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యేది అందుకే. అక్కడ బాస్కు ఇంటిపేరు కనబడితే అది పూర్వీకులది కావచ్చు, జాబితాలో ఆ పేజీ ఆ ఊరికి వచ్చి ఉండనూ వచ్చు.

శకటరేఫ:
వరస దొరికింది, సంతోషం. నాకు మాత్రం ఆ వాక్యంలో ‘వెర్రీ’ దగ్గర పేచీ ఉంది. పత్రికల్లో ‘ఎచెవేరియా’ అని ఒంటి ర-తో రాస్తున్నారు, అది తప్పు. స్పానిషులో పెరో అంటే ‘కానీ’, పెర్రో అంటే కుక్క. ఒంటి ర, జంట ర వేరు వేరు ధ్వనులు. బాస్కులోనూ అంతే. బెర్రిలో ఉన్నది గట్టి ర, నాలుక అదిరే ర. తెలుగులో దానికి సరైన అక్షరం ఉండగా వాడం: ఎచెవెఱ్ఱీయా.

ఒంటి ర ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను. నర్సరీల్లో చిన్న కుండీలో గులాబీలా ఆకులు విచ్చుకుని ఉండే మొక్క అమ్ముతారు, దాని లేబుల్ మీద ఎచెవేరియా అని ఉంటుంది. మెక్సికో వృక్షచిత్రకారుడు అతనాసియో ఎచెవెర్రీయా పేరు మీద 1828లో వృక్షశాస్త్రజ్ఞుడు ద కాందోల్ పెట్టిన ప్రజాతి పేరది. లాటిన్ రూపంలో ఒక ర ఎగిరిపోయింది. మొక్క పేరుకు ఒంటి ర సరైనదే, మనిషి పేరుకు కాదు. వెతికేటప్పుడు ఈ రెండూ కలిస్తే ఇంటిపేరు కోసం వెళ్లినవాళ్లకు కుండీలు దొరుకుతాయి.

యడాగమం:
ఱ వాదం వినడానికి బాగుంది. కానీ మన ఱ జంట ర కాదు కదండీ. ఒంటిగా కూడా వస్తుంది: ఏఱు, చెఱువు, నూఱు. స్పానిషు ఒంటి ర మన ర లాగే ఉంటుందంటే ఒప్పుకుంటాను. ‘రీ’ని ‘ఱీ’ చేస్తే సరిపోతుందా, ‘ఱ్ఱీ’ కావాలా? మీరు జంటగా రాశారంటే ఱ ఒక్కటే చాలదని మీరే ఒప్పుకున్నట్టు.

శకటరేఫ:
చాలదని కాదు. ‘వెఱ్ఱి’ అన్న మన మాటకు సరిగ్గా ఆ రూపమే ఉంది కాబట్టి చెవికి ఆనుతుందని. ఇక ర, ఱ ఒకటే అనుకునేవాళ్లతో వాదం లేదు. పోతనే ప్రాసలో కలిపేశాడు, మనమెంత.

ద్రుతం:
పోతన కలిపేశాడా? భాగవతంలో ఏ స్కంధంలో? బొప్పరాజు గంగన, ఏర్చూరి సింగన, వెలిగందల నారయ పూరించిన భాగాల్లో ప్రాస చూసి పోతన మీద పెట్టడం పాత అలవాటు. లాక్షణికులు (వ్యాకరణ, ఛందో నియమాలు చెప్పేవాళ్లు) పోతన ప్రయోగాలను ప్రమాణంగా తీసుకోకుండా పక్కన పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. ఆ పద్యం ఎవరి చేతిదో చూడకుండా అనడం న్యాయం కాదు. పోతన చెవిని నేను అనుమానించలేను. అంత అనుప్రాస నడిపిన చెవికి ఏ ర ఎక్కడ మోగుతుందో తెలియదంటారా?

వలపలగిలక:
పోతన దాకా వచ్చాం కాబట్టి ఆయన కృష్ణుడికి పదే పదే వాడిన ‘శౌరి’ దగ్గరికి తీసుకెళ్తాను. అరసున్న గారి వాక్యంలో మొదటి మాట అదే, దాన్ని అందరూ దాటేశారు. కోస్తాలో కథోలికుల ఇళ్లలో శౌరయ్య, శౌరమ్మ, శౌరీలు, శౌరి ఉంటారు. డిసెంబరు 3 పండుగ పునీత ఫ్రాన్సిస్ శౌరిది, అంటే ఫ్రాన్సిస్ జేవియర్‌ది. ఆ ‘శౌ’ ఎక్కడిది?

జేవియర్ అని ఇంగ్లీషు నోటితో, హవియేర్ అని నేటి స్పానిషు నోటితో పలికితే ‘శ’ దొరకదు. కానీ ఆ మనిషి కాలంలో (1506 నుంచి 1552) స్పానిషులో ఎక్స్ అక్షరానికి శబ్దం ‘ష’. అది గొంతులోంచి వచ్చే ‘హ’గా మారింది 17వ శతాబ్దంలో. రాతలో ఎక్స్ తీసి జె పెట్టింది 1815లో, స్పానిషు అకాడెమీ. షిమేనెస్ హిమేనెస్ అయినట్టే షవియేర్ హవియేర్ అయింది. మెక్సికో మాత్రం తన పేరులో పాత ఎక్స్ పట్టుకుని ఉండిపోయింది. 1605లో అచ్చయిన దోన్ కిహోటే నవల పేరును ఫ్రెంచివాళ్లు ఇవాళ్టికీ ‘కిషోత్’ అంటారు, పాత ధ్వనికి అది సాక్ష్యం. పోర్చుగీసులో ఇప్పటికీ షవియేర్. 1542 మే 6న గోవాలో దిగింది పోర్చుగీసు ఓడలోంచే. కాబట్టి మన ‘శౌరి’లో శ నేటి మాడ్రిడ్ పలుకుబడి కంటే పాతది, అసలుకు దగ్గరది.

యడాగమం:
శ సరే. ‘షవియే’ కాస్తా ‘శౌ’ ఎలా అయింది?

వలపలగిలక:
అవును ఔను అయినట్టు, కవుగిలి కౌగిలి అయినట్టు. షవియేర్, శవేరి, శవురి, శౌరి. మధ్య మెట్టు తమిళంలో కనబడుతుంది: సవేరియార్, సవరిముత్తు, సౌరియప్పన్. ముత్యాల రేవుల పరవలతో (అక్కడి జాలరి కులంతో) ఆయన పనిచేసింది అక్కడే. పేరు అక్కడి నుంచి ఉత్తరానికి నడిచింది.

ద్రుతం:
తమిళం మీదుగా వస్తే ‘స’ రావాలి. సవేరియార్‌లో మొదటి అక్షరం స. తెలుగు పల్లె నోటికి కూడా ‘స’యే సులువు. మరి ‘శ’ రాతలో నిలిచిందంటే పోర్చుగీసు ధ్వని గుర్తుండి కాదు, కావాలని ఎవరో దిద్దారు. కారణం నిఘంటువులోనే ఉంది. శౌరి అంటే కృష్ణుడు, శూరుని వంశంవాడు. సౌరి అంటే శని, సూర్యుని కొడుకు. బిడ్డకు పేరు పెడుతూ ఎవరైనా సౌరి అని రాయిస్తారా? సంస్కృతం వచ్చిన పాదిరో ఉపదేశో ఆ ఒక్క అక్షరం మార్చి ఉంటాడు. 18వ శతాబ్దం మొదట్లో కర్ణాటక మిషన్ పేరుతో తెలుగు సీమకు వచ్చిన జెస్యూట్లు (యేసు సభ పాదిరీలు) ఫ్రెంచివాళ్లు. వాళ్ల నోట ఆ పేరు ‘గ్జావియే’. అందులో శ ఎక్కడుంది?

వలపలగిలక:
ఫ్రెంచివాళ్లు రాకముందే పేరు చేరి ఉంటే? ధ్వని మార్గం ఒకటి నిక్కచ్చిగా కనబడుతుంటే కృష్ణుణ్ణి మధ్యలోకి తేవడం ఎందుకు?

ద్రుతం:
నేను తేలేదు, ఆ మాట ముందే అక్కడుంది. విష్ణు సహస్రనామంలో “శూరః శౌరిర్జనేశ్వరః” రోజూ వినే చెవికి ‘శౌరి’ కొత్త మాట కాదు. పరాయి పేరు వచ్చి తెలిసిన పేరు మీద వాలింది.

అరసున్న:
“శౌరిః శూరజనేశ్వరః” కదండీ?

ద్రుతం:
రెండూ ఉన్నాయి. “అశోకస్తారణస్తారః” తర్వాత ఒకటి, “కాలనేమినిహా” తర్వాత ఇంకొకటి. పునరుక్తి అన్న ప్రశ్న వస్తుంది కాబట్టే భాష్యకారులు రెండు చోట్లా వేరు వేరుగా అర్థం చెప్పారు.

శకటరేఫ:
శౌరి పేరు చూసి మతం చెప్పలేమన్నది కూడా గుర్తుంచుకోవాలి. తిరుక్కణ్ణపురం పెరుమాళ్ పేరు శౌరిరాజన్. అక్కడి స్థలపురాణం ఆ శౌరిని జుట్టుతో ముడిపెడుతుంది, తమిళంలో సవురి అంటే పెట్టుడు జుట్టు. మన ‘సవరం’ కూడా ఆ కుదురుదే కావచ్చు.

నా ర వదిలేశారు. షవియేర్‌లో చివరి ర కూడా అసలు జంట ర-యే. స్పెయిన్‌లో వెస్కా వైపు హవియెర్రె, హవియెర్రెలాత్రె అన్న ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బెర్రిలో ‘ఎ’ మీద ఊనిక ఉండబట్టి అది స్థానిక రొమాన్సులో (లాటిన్ నుంచి పుట్టిన భాషలో) ‘ఇయె’ అయింది: బియెర్ర్. చివరి ఇ పోయాక పదాంతంలో జంట ర నిలవదు, ఒంటిదైంది. నవార్రాలో సంగ్వేసా దగ్గరున్న కోటకు ఆ పేరు అలా వచ్చింది. పునీతుడి తండ్రి ఇంటిపేరు హాసో, తల్లిది అస్పిల్‌క్వేతా. షవియేర్ తల్లి వైపు నుంచి వచ్చిన కోట పేరు. అంటే అది కూడా ఇంటి పేరే, ద్రుతం గారు చెప్పిన అర్థంలో.

యడాగమం:
1622లో పునీతుడిగా ప్రకటించాక ఆ కోట పేరు మనుషుల పేరైంది. భక్తితో పెట్టుకున్న పేరు పోర్చుగల్, బ్రెజిల్‌లలో మళ్లీ ఇంటిపేరైంది. బ్రెజిల్ తిరుగుబాటుదారు తిరదెంతిస్ అసలు పేరు జువాకిం జొజె ద సిల్వ షవియేర్. అందుకే బ్రెజిల్ షవియేర్లను ఎచెవెర్రీయాల పటంలో కలపకూడదు. అర్థం ఒకటే, వలస వేరు.

వెతికేవాళ్లకు ఇంకో మాట. 1994కు ముందు అచ్చయిన స్పానిషు సూచికల్లో ‘సి-హెచ్’ వేరే అక్షరం, సి మొత్తం అయ్యాక వస్తుంది. ఎచెవెర్రీయా కోసం ఎక్వదోర్ కంటే ముందు పేజీల్లో చూస్తే ఉండదు, దాని తర్వాత చూడాలి. మన నిఘంటువుల్లో క్ష-ను క కింద వెతకాలా, చివర వెతకాలా అన్న చిక్కు లాంటిదే. ఇక చవర్రీయా ‘సి-హెచ్’ కింద, ఎచ్చెవెరీ ‘ఇ-టి’ కింద, హవియేర్ ‘జె’ కింద, పాతవి ‘ఎక్స్’ కింద. ఐదు చోట్లా చూడనిదే వెతికినట్టు కాదు.

అరసున్న:
వరసకు చాలా కృతజ్ఞతలు. అయితే ఇప్పుడు ఆ వాక్యం ఇంకోలా వినబడుతోంది. “శౌరి అన్నా” తర్వాత ఉన్నది జేవియర్ కాదేమో, “సవేరి అన్నా” అని ఉందేమో. అదే నిజమైతే రాసినవారు తమిళం మీదుగా వచ్చిందనే పక్షం.

వలపలగిలక:
చూశారా.

ద్రుతం:
సవేరి అని ఉంటే అది ‘స’తో ఉన్నట్టే కదండీ. నా మాటకే బలం. ‘స’ని ‘శ’ చేసిందెవరన్న ప్రశ్న అలాగే ఉంది.

శకటరేఫ:
ద్రుతం గారూ, స్కంధం అడిగారు. నా ప్రతిలో గుర్తు పెట్టుకున్న ప్రాస దశమంలోది. దశమం పోతనదే. పద్యం సంఖ్య రాత్రికి చూసి పెడతాను.

ద్రుతం:
పాఠాంతరాలు కూడా చూసి పెట్టండి. అచ్చు ప్రతుల్లో ఱ-లు దిద్దినవాళ్లు చాలామంది.