సాగే సెన్సర్‌లో తీగ దగ్గరే కనెక్షన్ పోతోంది, ఎలా ఆపాలి?

నెల్లూరులో మా ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టు: మూత్రాశయం ఎంత నిండిందో చెప్పే సాగే సెన్సర్ నమూనా. ప్రస్తుతానికి బెలూన్ మీదే లెండి, మనిషి మీద కాదు. ఎకోఫ్లెక్స్ 00-30 సిలికాన్‌లో సన్నటి దారి వదిలి, గాలియం 75.5, ఇండియం 24.5 శాతం ఉన్న ద్రవలోహాన్ని సిరంజితో ఎక్కించాం. బెలూన్ ఉబ్బనంతసేపూ రీడింగ్ 2 ఓమ్‌ల దగ్గర నిలకడగా ఉంటుంది. 30 శాతం సాగేసరికి మీటర్ ఓపెన్ (అంటే కనెక్షన్ తెగినట్టు) చూపిస్తుంది, గాలి తీస్తే మళ్లీ మామూలే. లోహం మధ్యలో తెగట్లేదు. మీటర్‌కి కలిపే రాగి తీగ లోహంలోకి దూరే చోట మాత్రం చిన్న బుడగలా ఖాళీ కనబడుతోంది. తీగని ఇంకా లోపలికి దోపినా అంతే. సిలికాన్ జిగురు పూస్తే ఊడొచ్చింది, సూపర్ గ్లూ అయితే అసలు అంటుకోనే లేదు. సాగినా ఖాళీ రాకుండా గట్టి తీగని ఈ మెత్తటి సిలికాన్‌లో ఎలా బిగించాలి?