పేరోల్ చేసే చిన్న సంస్థకు ముందు ఏ సర్టిఫికెట్: 9001 కావాలా, 27001 కావాలా, రెండూ అనవసరమా?

బెజవాడ_పేరోల్ (చర్చ ప్రారంభం)

మాది విజయవాడలో ఇతర సంస్థల జీతాల లెక్కలు, పీఎఫ్, ఈఎస్ఐ పనులు చూసే సంస్థ. ఇప్పుడు 38 మంది పనిచేస్తున్నారు. గుంటూరులో చిన్న శాఖ కూడా ఉంది. ఇంతవరకు ఆసుపత్రులు, కళాశాలలు, కోల్డ్ స్టోరేజీల యజమానులు నోటి మాట మీదే మా దగ్గరకు వచ్చారు. ఇప్పుడు హైదరాబాదులోని ఒక పెద్ద సంస్థ తన పేరోల్ పనిని బయటికి ఇవ్వాలనుకుంటూ, సమాచార భద్రతకు ఐఎస్ఓ 27001 తప్పనిసరి అనీ, నాణ్యతకు ఐఎస్ఓ 9001 ఉంటే అదనపు మార్కులు ఇస్తామనీ షరతు పెట్టింది. మా భాగస్వాములలో ఒకరు రెండూ ఒకేసారి చేయిద్దామంటున్నారు. మరొకరు ఆ డబ్బుతో అనుభవమున్న అకౌంటెంట్లను ఇద్దరిని తీసుకుంటే క్లయింట్లకు అంతకంటే ఎక్కువ మేలు జరుగుతుందని వాదిస్తున్నారు. వారం రోజుల్లో రెండు సర్టిఫికెట్లూ చేతికిస్తామంటూ ఒక కన్సల్టెంట్ ఫోను కూడా చేశారు. ఈ దారిలో నడిచినవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

మాజీ_ఆడిటర్

ముందుగా ఆ వారం రోజుల మాట పక్కన పెట్టండి. ఐఎస్ఓ ప్రమాణాలను రాస్తుందే తప్ప ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చేవి సర్టిఫికేషన్ సంస్థలు; వాటి అర్హతను పరీక్షించి గుర్తింపు ఇచ్చేవి అక్రిడిటేషన్ సంస్థలు. మన దేశంలో ఆ పని క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న ఎన్ఏబీసీబీ చేస్తుంది. సర్టిఫికెట్ మీద అక్రిడిటేషన్ సంస్థ గుర్తు లేకపోతే మీ హైదరాబాదు క్లయింటు దాన్ని మొదటి వడపోతలోనే పక్కన పెడతారు. మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి: మీకు వ్యవస్థను తయారుచేసి ఇచ్చిన వారే దాన్ని ఆడిట్ చేసి సర్టిఫికెట్ ఇవ్వడానికి వీల్లేదు. రెండూ తామే చూసుకుంటామనే వారితో మాటలు అక్కడితో ఆపేయడం మంచిది.

ఇక ఏది ముందు అన్న ప్రశ్నకు నా జవాబు 9001. రెండు ప్రమాణాల అస్థిపంజరం ఒకటే. సంస్థ పరిస్థితులు, నాయకత్వం, ప్రణాళిక, వనరులు, పని నిర్వహణ, మదింపు, మెరుగుదల అనే వరుసలోనే రెండూ నడుస్తాయి; పత్రాల నియంత్రణ, అంతర్గత ఆడిట్, యాజమాన్య సమీక్ష రెండింటిలోనూ ఉన్నాయి. తేలికైన దానితో ఆ అలవాట్లు పడితే బరువైనది తర్వాత మోయవచ్చు. సిబ్బంది సంఖ్య అంతే ఉన్నా, 9001 ఆడిట్‌కు పట్టే రోజులతో పోలిస్తే 27001 ఆడిట్‌కు దాదాపు రెండింతలు పడుతుంది. రెండూ కలిపి చేయిస్తే కొంత తగ్గింపు ఉంటుంది గానీ, అది కొత్తగా మొదలుపెట్టేవారి మీద భారాన్ని తగ్గించేంత కాదు.

జీడిమెట్ల_లేత్

నేను మీ భాగస్వాములలో రెండో వారి పక్షం. మా మెషిన్ షాపుకు 9001 చాలా ఏళ్లుగా ఉంది. 2015లో ప్రమాణం మారి క్వాలిటీ మాన్యువల్ తప్పనిసరి కాదన్నారు, ప్రత్యేకంగా యాజమాన్య ప్రతినిధిని నియమించనక్కర్లేదన్నారు. అయినా మా దగ్గర ఆ మాన్యువల్ బీరువాలో అలాగే ఉంది, దాన్ని చూసుకునే మనిషీ అలాగే ఉన్నాడు. ఆడిట్ వారం ముందు రిజిస్టర్లలో సంతకాలు నింపడం, ఆడిట్ అయ్యాక మళ్లీ మామూలే. సర్టిఫికెట్ చూసి ఆర్డరు ఇచ్చిన క్లయింటు కూడా తన సొంత మనుషులను పంపి మళ్లీ ఆడిట్ చేయిస్తాడు. అలాంటప్పుడు ఆ కాగితం దేనికి పనికొచ్చినట్టు? మీ పనిలో మనుషులే యంత్రాలు కనుక, మంచి మనుషులకు జీతాలివ్వడమే నాణ్యత అని నా అభిప్రాయం.

కూకట్‌పల్లి_నెట్‌వర్క్

లేత్ గారు చెప్పినది నిజమే గానీ, అది ప్రమాణం లోపం కాదు, సంతకాలు చివరి వారంలో నింపే యాజమాన్యం లోపం. ఆడిటర్ గారి వరుసతో కూడా నేను ఏకీభవించలేను. అలవాట్ల కోసం ముందు 9001 అంటున్నారు, కానీ పేరోల్ సంస్థకు నాణ్యత, భద్రత అనేవి రెండు వేర్వేరు గదులు కావు.

మీ పని నెలలో ఎప్పుడు బిగుస్తుందో చూడండి. ఇరవై ఐదో తేదీ దాటాక క్లయింటు హెచ్‌ఆర్ వారు హాజరు మార్పులు పంపుతారు: కొన్ని మెయిల్‌లో, కొన్ని రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో, కొన్ని ఫోనులో నోటిమాటగా. లాస్ ఆఫ్ పే (జీతం కోత పడే సెలవు) రోజులు మారతాయి, పాత బకాయిలు వచ్చి చేరతాయి. ఎక్సెల్ ఫైలు పేరు చివర "ఫైనల్" చేరుతుంది, దాని తర్వాత "ఫైనల్ 2", ఆ తర్వాత "కొత్త ఫైనల్". ఆ హడావిడిలో ఒక ఆసుపత్రి జీతాల పట్టిక మెయిల్ అడ్రసు తప్పుపడి ఒక కళాశాలకు వెళ్లిందనుకోండి. అది నాణ్యతా లోపమా, భద్రతా లోపమా? 9001 కళ్లతో చూస్తే తప్పు వస్తువు తప్పు కొనుగోలుదారుకు చేరింది. 27001 కళ్లతో చూస్తే వందల మంది ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు బయటపడ్డాయి. మార్పు ఎవరు కోరారు, ఎవరు ఆమోదించారు, ఏ ఫైలు చెల్లుబాటైనది అన్న ఒక్క క్రమశిక్షణ లేకపోవడమే రెండింటికీ మూలం.

అందుకే క్లయింటు తప్పనిసరి అన్న 27001తోనే మొదలుపెట్టమంటాను. 2022 రూపంలో దాని అనుబంధంలో 93 నియంత్రణలు, అంటే పాటించాల్సిన భద్రతా జాగ్రత్తలు, ఉన్నాయి. 2013 నాటి 114ను సర్ది, కొత్తవి 11 చేర్చి అలా కూర్చారు. 93 అనగానే బెదరనక్కర్లేదు. మీ నష్టభయాలను లెక్కగట్టి, ఏవి మీకు వర్తిస్తాయో, ఏవి ఎందుకు వర్తించవో ఒక వర్తింపు ప్రకటనలో రాసుకోవాలి. సాఫ్ట్‌వేర్ రాయని సంస్థ కోడింగుకు సంబంధించిన నియంత్రణను కారణం చూపి వదలవచ్చు. కానీ ఉద్యోగం మానేసిన వ్యక్తి లాగిన్ అదే రోజు ఆపడం, బ్యాకప్ తీయడమే కాక దాన్ని తిరిగి తెరిచి చూడటం, పని ముగిసిన సమాచారాన్ని చెరిపేయడం లాంటివి మీరు వదలలేరు. క్లయింట్ల పీఎఫ్ పోర్టల్ పాస్‌వర్డ్‌లు ఇప్పుడు ఎక్కడ రాసి ఉన్నాయో, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో ఈ రోజే ఒకసారి అడగండి. ఆ జవాబుతోనే మీ నష్టభయాల పట్టికలో మొదటి వరుస నిండుతుంది.

గుంటూరు_సీఏ

క్లయింటు ఈ షరతు ఎందుకు పెట్టారన్నది ఎవరూ ప్రస్తావించలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం, సమాచారాన్ని తన తరఫున వేరే సంస్థ చేత ప్రాసెస్ చేయించినా, దాన్ని కాపాడే బాధ్యత అప్పగించిన సంస్థదే. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు వెళ్లవచ్చు. 2025 నవంబరులో వచ్చిన నియమాలు, ఇలా పని చేసిపెట్టే సంస్థతో కుదుర్చుకునే ఒప్పందంలో భద్రతా షరతులు ఉండాలని చెబుతున్నాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే ఇకపై ఈ షరతు ఒక్క పెద్ద క్లయింటుతో ఆగదు, మీ ఆసుపత్రులూ కళాశాలలూ కూడా అడుగుతాయి. భద్రతా సంఘటన జరిగితే 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్న 2022 నాటి ఆదేశం అసలే ఉంది. నెలాఖరు రాత్రి ఆ సమాచారం ఎవరు ఇస్తారో మీ దగ్గర రాసి పెట్టి ఉందా? అయితే ఒక హెచ్చరిక: సర్టిఫికెట్ ఉంటే చట్టం పాటించినట్టే అని ఎవరైనా చెబితే నమ్మకండి. పాటించామని చూపుకోవడానికి అది ఒక ఆధారం మాత్రమే.

బెజవాడ_పేరోల్

అందరికీ కృతజ్ఞతలు. పాస్‌వర్డ్‌ల సంగతి కనుక్కున్నాను. జవాబు ఇక్కడ రాయదగినది కాదు. ఇప్పుడు కొత్త సందేహం వచ్చింది. ఖర్చు తగ్గించడానికి సర్టిఫికేషన్ పరిధిలో విజయవాడ కార్యాలయాన్ని మాత్రమే చూపి, గుంటూరు శాఖను, నెలాఖరులో ఇంటి నుంచి పనిచేసే పార్ట్‌టైమ్ అకౌంటెంట్లను తర్వాత చేర్చుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. ఇది సబబేనా?

జీడిమెట్ల_లేత్

నేను మొదట చెప్పింది ఇదే కదా. పరిధిని ఎంత చిన్నగా రాసుకున్నా సర్టిఫికెట్ మాత్రం గోడ మీద పూర్తి సైజులోనే వేలాడుతుంది. ఏ చిరునామాకు వర్తిస్తుందో చిన్న అక్షరాల్లో చదివే క్లయింటును నేను ఇంతవరకు చూడలేదు.

మాజీ_ఆడిటర్

పెద్ద సంస్థల వెండర్ విభాగాలు చదువుతాయండీ, అవి మొదట చదివేదే పరిధి చెప్పే ఆ వాక్యం. పరిధిని కుదించుకోవడం నిబంధనలకు విరుద్ధం కాదు. ఒక సేవను, ఒక కార్యాలయాన్ని మాత్రమే ఎంచుకోవచ్చు. కానీ పరిధికి లోపల ఉన్న పని బయట ఉన్నవారి మీద ఎక్కడ ఆధారపడుతోందో మీరు చూపాలి. గుంటూరు శాఖ కూడా అదే సర్వరులోకి, అవే లాగిన్లతో వస్తున్నప్పుడు, దాన్ని బయట పెట్టాలంటే ఆ శాఖను పరాయి సంస్థలా భావించి, ఒప్పందం, విడి అనుమతులు, పర్యవేక్షణ అన్నీ ఏర్పాటు చేయాలి. చేర్చుకోవడం కంటే అదే ఎక్కువ పని. ఇంటి నుంచి పనిచేసేవారిది మరీ స్పష్టం: నెలాఖరు పట్టికలు వారి సొంత లాప్‌టాప్‌లలో ఉంటే, మీ నష్టభయంలో పెద్ద వాటా పరిధి బయటే మిగిలిపోతుంది.

ఒక విషయంలో కూకట్‌పల్లి వారికి సగం ఒప్పుకుంటాను. తప్పనిసరి అన్నది 27001 కనుక దానితోనే మొదలుపెట్టండి. అయితే అంతర్గత ఆడిట్, యాజమాన్య సమీక్ష పత్రాలను రెండు ప్రమాణాలకూ సరిపోయేలా మొదటి నుంచే రాసుకోండి. సర్టిఫికెట్ మూడేళ్లకు వస్తుంది, మధ్యలో ఏటా పర్యవేక్షణ ఆడిట్ ఉంటుంది. ఆ మొదటి పర్యవేక్షణ ఆడిట్ నాటికి 9001ను జోడించవచ్చు.

కూకట్‌పల్లి_నెట్‌వర్క్

మిగతా సగం గురించి: రెండు రిజిస్టర్లు పెట్టకండి. క్లయింటు ఫిర్యాదులకు ఒకటి, భద్రతా సంఘటనలకు మరొకటి పెడితే, తప్పు మెయిల్ లాంటివి ఏ రిజిస్టరులో రాయాలో తేలక ఎందులోనూ రాయరు. ఒక్కటే ఉంచి, అందులో సమాచారం బయటికి వెళ్లిందా లేదా అన్న గడి పెట్టండి.

బెజవాడ_పేరోల్

భాగస్వాముల సమావేశంలో ఇదే చెప్పాను. గుంటూరు శాఖ పరిధిలోకి వస్తుంది; పార్ట్‌టైమ్ వారికి సంస్థ లాప్‌టాప్‌లు ఇస్తాం. అకౌంటెంట్ల విషయంలో ఇద్దరి బదులు ఒకరిని తీసుకోవడానికి మా రెండో భాగస్వామి ఒప్పుకున్నారు, ఆ వ్యక్తి చేతికే రిజిస్టరు అప్పగించాలన్న షరతు మీద. ఎన్ఏబీసీబీ గుర్తింపు ఉన్న సంస్థల నుంచి కొటేషన్లు తెప్పిస్తున్నాం. వారం రోజుల కన్సల్టెంట్ నిన్న మళ్లీ ఫోను చేసి, ధర ఇంకా తగ్గిస్తానన్నారు.