ఆత్రేయ ‘ఎన్.జి.వో.’ నాటకం పూర్తి ప్రతి ఎవరి దగ్గరైనా ఉందా?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. మా నాన్నగారు గుమాస్తాగా పనిచేసే రోజుల్లో, తోటి ఉద్యోగులతో కలిసి ఆచార్య ఆత్రేయ రాసిన ‘ఎన్.జి.వో.’ (నాన్ గెజిటెడ్ ఆఫీసర్, అంటే చిరుద్యోగి) నాటకం ఆడారు. నాన్నగారు వేషం కట్టినప్పటి నాటకం ప్రతి మొన్న అటక మీద దొరికింది. చివరి పేజీలను చెదలు తినేశాయి. ముగింపు మాత్రమే తినడానికి వాటికేం పగో!

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగాను, పుస్తకం అందలేదు. వచ్చే నెల నాన్నగారికి ఎనభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు మేడ మీద పిల్లల చేత ఒక్క రంగమైనా ఆడించాలని ఆశ. ఏ ముద్రణ అయినా సరే, నకలు ఖర్చులు నేనే భరిస్తాను.

ఇంకొక సందేహం. 1951లో ‘దీక్ష’ సినిమాకు పాట రాసిన ఆత్రేయ, 1961లో ‘వాగ్దానం’ సినిమాకు దర్శకత్వమూ వహించారు. జనం ఆయనను ‘మనసు కవి’ అని పాటలతోనే గుర్తుపెట్టుకున్నారు. నాకు మాత్రం చాలీచాలని జీతంతో నలిగే గుమాస్తా ఇంటిని రంగస్థలం మీదికి తెచ్చిన ఆత్రేయే ఎక్కువ ఇష్టం. సినిమాల్లో స్థిరపడ్డాక ఆయన కొత్త నాటకాలు రాశారా? రాస్తే వాటి పేర్లు చెప్పగలరా? ఈ నాటకంలో నటించినవారు ఉంటే, ఒక్క గది సెట్టుతో ఎలా నెట్టుకొచ్చారో కూడా చెప్పండి.