తడిసిన కటింగ్ డిస్కులు ఎండబెట్టి వాడొచ్చా?

అందరికీ నమస్కారం. యాంగిల్ గ్రైండర్ (డిస్కు తిప్పి ఇనుము కోసే చేతి మెషిన్) గురించి బాగా తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

నా దగ్గర 125 మి.మీ. కటింగ్ డిస్కులు, 1 మి.మీ. మందంవి, ఒక పెట్టెలో ఇరవై దాకా ఉన్నాయి. పెట్టెను సిమెంట్ నేల మీదే పెట్టేశాను. వాన నీళ్లు చేరి అట్ట అడుగంతా మెత్తబడిపోయింది. కింది డిస్కుల లేబుల్ కాగితం ఉబ్బింది. మధ్య రంధ్రం చుట్టూ ఉండే రింగుకు సన్నగా తుప్పు కూడా పట్టింది. రింగు మీద గడువు ఇంకా ఏడాది ఉంది.

మొన్న వాటిలో ఒకటి బిగించి ఇనుప పైపు కోస్తుంటే అంచు ముక్క ఊడి టప్‌మని మెషిన్ గార్డుకు (డిస్కును కప్పి ఉంచే రేకు కవచం) తగిలింది. గార్డు లేకపోతే నేరుగా ముఖానికే వచ్చేది. అప్పటినుంచి మెషిన్ ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. మా తమ్ముడు కూడా ఇదే వాడతాడు, నా భయమంతా అదే.

స్పీడ్ తేడా కాదనుకుంటున్నాను. డిస్కు మీద గరిష్ఠం 12,250 ఆర్‌పీఎం అని ఉంది, నా గ్రైండర్ 11,000. పక్కకు వంచి కోయలేదు, డిస్కు ముఖంతో రుద్దలేదు.

ఈ డిస్కుల్లో ఇనుమును కోసే గరుకు రేణువులను పట్టి ఉంచేది రెసిన్ అనే గట్టిపడిన జిగురు, తేమకు అది బలహీనపడుతుందని చదివాను. ఎండలో ఆరబెడితే ఆ బలం తిరిగి వస్తుందా, లేక మొత్తం విరిచి పారేయాల్సిందేనా? పైవరస డిస్కులు పొడిగానే కనిపిస్తున్నాయి. వాటినైనా నమ్మొచ్చా? కొత్తవి కొన్నాక వంగిపోకుండా ఎలా దాచాలి, పడుకోబెట్టి పేర్చాలా, మేకుకు వేలాడదీయాలా?