ఐరిష్ ఫ్లూట్‌కి తోడుగా గిటార్ మంచిదా, బుజూకీనా?

అందరికీ నమస్కారం. నేను ఐర్లండ్‌లోని గాల్వేలో ఉంటున్నాను. చిన్నప్పుడు కర్ణాటక వేణువు ఐదేళ్లు నేర్చుకున్నాను. ఐరిష్ ఫ్లూట్ విద్వాంసుడు మ్యాట్ మొల్లాయ్ వాయిద్యం విన్నాక ఆగలేక చెక్క ఫ్లూట్ కొనుక్కున్నాను. రెండేళ్లుగా సాధన చేస్తున్నాను.

నా అసలు ఇబ్బంది ఊపిరి. మన కర్ణాటక సంగీతంలో ఒక సంగతి ముగిశాక కాస్త ఆగొచ్చు. రీల్ అనే వేగమైన ఐరిష్ నాట్య బాణీలో ఆ సందు ఉండదు, ఏదో ఒక స్వరం వదిలేసి అక్కడే గాలి పీల్చుకోవాలి. మొన్న పబ్‌లో అందరూ కలిసి వాయించే సెషన్‌లో, రోల్ అనే గమకం (స్వరం మధ్యలో వేళ్లతో వేసే తట్లు) వేస్తుంటే గాలి చాలక చివరి తట్టు పడనే లేదు. పెదవి చెమటకి జారి, స్వరం కూడా పలచబడిపోయింది. ఏ స్వరం వదిలితే ట్యూన్ దెబ్బతినదు? ముందే గుర్తు పెట్టుకోవాలా, అప్పటికప్పుడు చూసుకోవాలా?

ఇంకోటి. వచ్చే నెల ముగ్గురం కలిసి వాయించాలి. బౌరాన్ అనే ఐరిష్ డప్పు వాయించే మిత్రుడు ఖాయం. రెండో వాద్యం తేలలేదు. గిటార్ గట్టిగా మోగితే ఫ్లూట్ కింది స్వరాలు మునిగిపోతున్నాయి. 1960ల్లో గ్రీసు నుంచి ఈ సంగీతంలోకి వచ్చిన బుజూకీ అనే తీగవాద్యం ఆ స్వరాలకి చోటు వదులుతుందని నాకనిపిస్తోంది. రెండిటితోనూ వాయించినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.