'పేరైనం గలదే': ఉందనా, లేదనా?

గట్టుమీది చెట్టు: వచ్చే నెల మా తాతగారి సంవత్సరీకం. ఫోటో కింద ఒక వాక్యం రాయించాలని ఉంది. ప్రాచీన ఈజిప్టు స్మారక శిలల మీద "అతని పేరును బతికించేది అతని కొడుకే" అనే మాట కనిపిస్తుంది. మూలంలో 'సఅన్ఖ్ రెన్' ('రెన్' అంటే పేరు). నీడ, గుండె లాగే పేరూ మనిషిలో ఒక భాగమని వాళ్ల నమ్మకం. దీన్ని 'పేరు నిలుపు' అనాలా, 'పేరు బతికించు' అనాలా? తాతగారు తరచూ "భూమిపైఁ బేరైనం గలదే" అని గొణుక్కునేవారు. ముందూ వెనకా గుర్తు రావడం లేదు.

అరసున్న: 'బతికించు', సందేహం లేదు. అన్ఖ్ అంటే బతుకు, ముందున్న 'స' ప్రేరణార్థకం. మన 'ఇంచు' వెనక చేరుతుంది, వాళ్ల 'స' ముందు చేరుతుంది.

ఊరపిచ్చుక: నిలుచు, నిలుపు. ఇదీ ప్రేరణార్థకమే కదా స్వామీ, 'పు' ఏ పాపం చేసింది? తెలుగులో పేరు నిలుస్తుంది, బతకదు.

అరసున్న: నిలిచేది కీర్తి. ఈజిప్టువాళ్లకు పలకడం ముఖ్యం. సమాధి ముందు నడిచే వాళ్లను పిలిచి, "వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు అని నా పేరున అనండి, మీకయ్యే ఖర్చు నోటి ఊపిరే" అని వేడుకుంటారు.

ఊరపిచ్చుక: పలకడమే ముఖ్యమైతే 'రెన్'లో ఆ ఎకారం ఎక్కడిది? వాళ్లు అచ్చులు రాయలేదు, ఉన్నవి ర, న. ఈజిప్టు భాష చివరి రూపమైన కోప్టిక్‌లో 'రన్'. పేరు అనే మాటకే అచ్చు జారిపోయింది!

బమ్మెర బాట: అందరూ పద్యం వదిలేశారు. అది పోతన భాగవతం, వామన చరిత్రలో దానం వద్దన్న గురువు శుక్రుడితో బలి చక్రవర్తి అన్నది. (పోతన ఊరి గొడవ మళ్లీ ఎత్తకండి.) మొదట 'కారే రాజులు, రాజ్యముల్ గలుగవే, గర్వోన్నతిం బొందరే' అని అడుగుతాడు; ఇవి వ్యతిరేక క్రియల మీద ప్రశ్నార్థక ఏకారాలు, కనుక అయ్యారు, కలిగాయి, పొందారు అనే. 'కలదే'లో వ్యతిరేకం లేదు, కనుక పేరైనా లేదనే. ఫోటో కింద మాత్రం పెట్టకండి.

అటక మీది పెట్టె: అదే సూత్రంతో చివరి 'మఱచిరే' అంటే మరవలేదని. శిబి వంటి దాతల పేరు మిగిలింది. తాతగారు ఎక్కడ ఆపేవారో చెబితే అర్థం చెబుతాను.

ఊరపిచ్చుక: ఈజిప్టులో బేనీ హసన్ సమాధుల్లో ఒకటి రెండో ఖ్నుమ్‌హోతెప్ అనే ప్రాంతాధికారిది; ఆయనదీ మాతామహుడి పేరే. సుమారు క్రీ.పూ. 1900 నాటి మాట. తలుపుల మీద చెరిగిన పూర్వుల పేర్లను, ఒకరి చోట ఇంకొకరిది పడకుండా, తిరిగి రాయించానని చెప్పుకున్నాడు. అచ్చుతప్పులు దిద్దేవాళ్లకు కులదైవం!

ఏటి ఒడ్డు: మా వాడికి మామగారి పేరు పెట్టాం. ఆ రోజు నుంచి మా అత్తగారు వాణ్ని 'చిన్నాయనా' అనే పిలుస్తారు, ఆ పేరు నోట రానివ్వరు. ఈజిప్టు లెక్కన మామగారి సంగతేమిటో!

గట్టుమీది చెట్టు: నాదీ తాతగారి పేరే. నానమ్మకు నేను ఇప్పటికీ 'ఒరేయ్'నే. ఆయన ఆపేది సరిగ్గా 'కలదే' దగ్గర. ఆ తరువాత మజ్జిగ అడిగేవారు.

అటక మీది పెట్టె: అయితే బలి కాదు, మజ్జిగే కర్త.

అరసున్న: 'స' గురించి ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.